రెక్క మీద ఊదారంగు ముద్ర

ఆఫీసరన్నవాడి ముందు నేను ఇంతవరకు చేతులు కట్టుకుని నిలబడలేదు. తహసీల్దారు వచ్చినా, కలెక్టరు వచ్చినా, తుఫాను నష్టం చూడ్డానికి హెలికాప్టర్లో దిగిన పెద్దమనుషులు వచ్చినా, నా చేతులు నాకిష్టమైన చోటే ఉన్నాయి. ఒకటి మీసం మీద, రెండోది చుట్ట మీద. మా చినమూలపాలెంలో ఎవర్ని అడిగినా ఈ మాటే చెబుతారు. చెప్పకపోతే వాళ్ళ పేరు నాకు చెప్పండి, సంగతి నేను చూసుకుంటాను.

ఇక అసలు విషయం. మా మేనల్లుడు వరహాలు విమానం కట్టాడు.

నవ్వకండి. వాడు పడవ ఇంజన్లు బాగుచేసే మనిషి. సముద్రం ఒడ్డున మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ షెడ్డు తీసుకుని, ఎక్కణ్ణించో ప్లాన్లు తెప్పించుకుని, రేకు వెనక రేకు కత్తిరించి, రివెట్టు పక్కన రివెట్టు కొట్టి, ఏళ్ళ తరబడి కష్టపడి రెండు సీట్ల విమానం నిలబెట్టాడు. దూరం నుంచి చూస్తే తూనీగలా ఉంటుంది. దగ్గరికెళితే ఇంకా తూనీగలా ఉంటుంది. మొదటిసారి ఇంజను తిప్పిన రోజు షెడ్డులో గబ్బిలాలన్నీ సంసారాలతో సహా కాకినాడ వెళ్ళిపోయాయి. అందులో ఒకటి మా వియ్యంకుడి వసారాలో స్థిరపడింది. నేను వెళ్ళినప్పుడల్లా గుర్తుపట్టి మొహం తిప్పుకుంటుంది.

పేచీ రంగు దగ్గర వచ్చింది. విమానం ఒళ్ళంతా అల్యూమినియం. మా వైపు దాన్నే సత్తు అంటాం, సత్తుగిన్నె అన్నట్టు. సముద్రపు ఉప్పుగాలి సత్తుకు పరమ శత్రువు. ముందు తెల్లటి పొడి రాలుతుంది, తరవాత గుంటలు పడతాయి, ఆ తరవాత విమానం జల్లెడైపోతుంది. రంగు పడితేనే బతుకుతుంది. సత్తు మీద రంగు నిలవడం మాత్రం గోడకు సున్నం కొట్టినంత తేలిక కాదు. దానికి గాలి తగిలితే చాలు, కంటికి కనపడని పొర కట్టేస్తుంది. ఆ పైన మన చేతి జిడ్డొకటి. రంగు వేస్తే ఆ జిడ్డు మీద కూర్చుంటుంది గానీ రేకును పట్టుకోదు. ఒక వేసవి చూసి, పెచ్చులు పెచ్చులుగా లేచి, రంగూ రేకూ ఎవరి దారిన వారు వెళ్ళిపోతారు.

అందుకని ముందు జిడ్డు కడగాలి, పీచుతో గరుకుగా తోమాలి, ఆసిడ్ నీళ్ళు రాయాలి, మంచినీళ్ళు పొయ్యాలి. ఆ నీళ్ళు చేమాకు మీదలాగా బొట్లు బొట్లుగా విడిపోతే జిడ్డు ఇంకా ఉన్నట్టు. తడి వస్త్రం పరిచినట్టు ఒకటే పొరగా జారితే రేకు శుభ్రం. ఆరీ ఆరగానే, మళ్ళీ పొర కట్టేలోపల, వేలు కూడా తగలనివ్వకుండా ప్రైమరు, అంటే అడుగురంగు, కొట్టెయ్యాలి. ఆలస్యమైందా, మళ్ళీ మొదటికి.

వరహాలు భార్య నూకరత్నానికి ఈ తోముడు చూస్తే ఒళ్ళు మండేది.

"చూశారా మావయ్యగారూ, పెళ్ళయ్యాక ఒక్కనాడు నా గిన్నె తోమిన చెయ్యి కాదది. రెక్కకి మాత్రం పసిబిడ్డకి నలుగు పెట్టినట్టు పెడతన్నాడు."

"గిన్నె ఎగరదు కదే," అన్నాడు వరహాలు.

"నేను విసిరితే ఎగురుద్ది. చూస్తావా?"

అయినా ఆవిడ బాధ గిన్నెల గురించి కాదు. పక్కింటి వాళ్ళు మేడ మీద పెట్టుకున్న సత్తు ట్యాంకు ఉప్పుగాలికి ఎలా చచ్చిందో ఆవిడ చూసింది. అందుకే మొగుడికి గడువు పెట్టింది. "ఆషాఢం గాలి మొదలయ్యేలోపు రంగు పడితే నీ విమానం నీది. పడకపోతే పాతసామాన్ల వాడికి తూకానికి వేసేస్తాను. అది పొడి పొడిగా రాలతా ఉంటే నువ్వు దాని పక్కన కూచుని చూస్తా ఉంటావు. నిన్నలా నేను చూళ్ళేను."

వరహాలు సరేనన్నాడు. వేసవి ఇంకా నడుస్తోంది. ముందు కుడిరెక్క తోమి, ఆసిడ్ పెట్టి, నీళ్ళు పోసి చూసుకుని, ప్రైమరును రంగు చల్లే గన్నులో నింపుకున్నాడు. సరిగ్గా అప్పుడు బయట జీపు ఆగింది.

జీపు ఎందుకొచ్చిందో చెప్పాలంటే పాయసం దగ్గర్నుంచి చెప్పాలి. ఎక్కడో ఇంట్లో కట్టిన విమానం ఒకటి ఒక సన్మాన సభ మీదుగా ఎగిరిందట. దాని రంగుపెచ్చు ఒకటి ఊడి, గాల్లో నింపాదిగా తిరిగి తిరిగి, వేదిక వెనకాల భోంచేస్తున్న ఒక పెద్దాయన పాయసంలో పడిందట. ఆయన జీడిపప్పనుకుని నమిలాడు. రుచి తేడా వచ్చేసరికి విచారణ సంఘం వేశారు. రంగు ఊడటానికి కారణం రేకు శుభ్రం చెయ్యకపోవడమేనని ఆ సంఘం తేల్చింది. అది నిజమే. అక్కడితో ఆగితే సంఘం ఎందుకవుతుంది? వెంటనే 'గృహనిర్మిత విమాన ఉపరితల పారిశుద్ధ్య పర్యవేక్షణ మండలి' పుట్టింది. ఆ పేరు పూర్తిగా పలికేలోపు రేకుకు పొర కట్టేస్తుంది కాబట్టి మేం తోముడు మండలి అనుకున్నాం.

మండలి నిబంధన చిన్నదే. రంగు వేసే ముందు రేకు శుభ్రతను అధికారి కళ్ళారా చూడాలి. చూసినట్టు ముద్ర వెయ్యాలి. కాగితం మీద వేస్తే దొంగకాగితాలు పుట్టుకొస్తాయి గనక, ఆ ముద్ర రేకు మీదే వెయ్యాలి.

జీపులోంచి దిగినాయన పేరు మండవిల్లి శ్రీకంఠం. ఇస్త్రీ చొక్కా, చల్లని మాట. హోదా, ఉపరితలాధికారి.

"అంటే ఏంటండీ?" అంది నూకరత్నం.

"పైపైన చూసి పోయేవారమ్మా," అన్నాను నేను.

ఆయన నొచ్చుకోలేదు. నిజం చెప్పొద్దూ, పని తెలిసిన మనిషి. రెక్క మీద నీళ్ళు పోయించి, ఒంగుని, ఏటవాలుగా వెలుగు పట్టి చూశాడు. నీళ్ళు ఎక్కడా విడిపోకుండా అద్దంలా జారాయి.

"జలపరీక్షయందు ఉపరితలము అత్యంత సంతృప్తికరముగా ప్రవర్తించినది," అన్నాడు. "మీ వంటి పౌరులుండుట మండలికి గర్వకారణము."

వరహాలు మొహం వెలిగిపోయింది. గన్ను చేతిలోకి తీసుకున్నాడు. శ్రీకంఠం గారు జేబులోంచి రేకుడబ్బా తీసి, మూత విప్పి, రబ్బరు స్టాంపును ఊదా సిరాలో అద్ది, రెక్క నడిమధ్యన టప్పున కొట్టాడు. 'పరిశుభ్రము' అని గుండ్రంగా, కళకళలాడుతూ పడింది.

వరహాలు గన్ను పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"అయ్యా, సిరా మీద రంగు నిలవదండి. ఇప్పుడీ చోట ఎలా వెయ్యమంటారు?"

"ముద్ర మీద రంగు వేయరాదు. మండలి ముద్రను కప్పివేయుట శిక్షార్హము."

"పోనీ తుడిచేసి వెయ్యనా?"

"తుడిచిన యెడల తనిఖీ జరిగినట్లు రుజువేదీ?"

"పోనీ ఆ ముద్ర చుట్టూ వేసుకుని, అక్కడ మాత్రం వదిలెయ్యనా?"

"రంగులేని భాగముతో విమానము ఎగురరాదు. అది మరొక నిబంధన. అది కూడా మాదే."

శ్రీకంఠం గారు రెక్కకేసి చూస్తూ, ఆ సంగతి అప్పుడే తట్టినట్టు గడ్డం గోక్కున్నాడు. "విషయము ఉన్నతాధికారుల దృష్టికి తీసుకుపోబడును," అన్నాడు, కొంచెం మెల్లిగా.

"మీరు తీసుకుపోయేలోపు పొర కట్టేస్తదండి," అన్నాడు వరహాలు.

"పొర విషయము కూడా తీసుకుపోబడును."

ఆయన వెళ్ళాక వరహాలు థిన్నరు పెట్టి ముద్ర తుడవబోయాడు. అది కదిలితే ఒట్టు. మా ఆవిడ పింఛను కాగితం మీద వేసిన ముద్ర ఇంటికి వచ్చేలోపే చెరిగిపోయింది. అదే సిరా, ఈ రెక్క మీద పచ్చబొట్టులా దిగిపోయింది. రేకు అంత బాగా తోమి ఉంచాడు మరి. మంచి పునాది దొరికితే ఆఫీసు సిరా కూడా నిజాయితీగా నిలబడుతుందని అప్పుడే తెలిసింది. చివరకు పీచుతో గీకి తీశాడు. గీకింది కొత్త రేకు. కొత్త రేకుకు కొత్త తనిఖీ. కొత్త తనిఖీకి కొత్త ముద్ర. అలా రెండు వారాలు నడిచింది.

మండలి నుంచి జవాబు వచ్చింది. మండలి వారు కరుణామయులు. ముద్ర వేసిన పిదప దానిని తొలగించుటకు మండలి సిబ్బందికి అధికారము ఇవ్వడమైనదట. శ్రీకంఠం గారు స్వయంగా పీచు తెచ్చుకుని, చొక్కా చేతులు మడుచుకుని, చెమటలు కక్కుతూ తన ముద్రను తనే గీకాడు. నాకాయన మీద జాలేసి మజ్జిగ ఇప్పించాను. తాగి, మూతి తుడుచుకుని, అదే చోట ఇంకో స్టాంపు కొట్టాడు. 'ముద్ర తొలగించబడినది.'

"ఇదేంటండీ?" అంది నూకరత్నం.

"తొలగించినట్లు రుజువు కావలెను గదమ్మా."

"మరి దీన్ని ఎవరు తొలగిస్తారు?"

"అది పై అధికారుల పరిధిలోనిది."

నూకరత్నం నా వైపు తిరిగింది. "మావయ్యగారూ, నేను అడక్కుండా ఉండాల్సింది."

ఆ తనిఖీలోనే ఇంకో ముప్పొచ్చింది. ముద్ర పక్కన రేకు మీద ఒక వేలిముద్ర కనపడింది. అది శ్రీకంఠం గారి బొటనవేలే, సిరా కూడా దానికే ఉంది. అయినా అధికారి వేలు అనుమానానికి అతీతం గనక, అనుమానం మిగతా వేళ్ళ మీదికి పోయింది. వెంటనే అనుబంధ నిబంధన దిగింది. 'నగ్న లోహము ఉన్న ఆవరణలో ప్రవేశించు ప్రతి వ్యక్తియు రెండు చేతులును వెనుకకు కట్టబడి ఉండవలెను.' కట్టడానికి మెత్తని గాజుగుడ్డ మండలి వారే ఇచ్చారు, ఉచితంగా.

మొదట్లో నేనేమన్నానో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ రోజు నుంచి ప్రతి ఆఫీసరు ముందూ చేతులు కట్టుకునే నిలబడ్డాను, అదీ గవర్నమెంటు గుడ్డతో. ముక్కు మీద ఈగ వాలితే శ్రీకంఠం గారే తోలేవాడు. బాగా తోలేవాడు కూడా. ఒక్కసారి అలవాటైతే హాయిగానే ఉంటుందండీ, మనం ఏమీ చెయ్యనక్కర్లేదు.

నాకు హాయి గానీ వరహాలుకు కాదు. చేతులు వెనక్కి కట్టించుకుని తన విమానం ముందు తను నిలబడటం వాడికి చెప్పలేని అవమానం. ఆ గుడ్డ ఎప్పుడు విప్పుతారా అని చూసేవాడు, విప్పగానే తోకభాగం కింద చెయ్యి పెట్టి తడిమేవాడు. జ్యేష్ఠం సగానికి వచ్చేసరికి వేళ్ళకు తెల్లటి పొడి అంటడం మొదలైంది. ఆ వేళ్ళు లుంగీకి తుడిచేసుకుని, నూకరత్నానికి కనపడకుండా దాచాడు. ఆవిడ లుంగీ ఉతికేటప్పుడు చూసింది. చూసి ఏమీ అనలేదు. మా నూకరత్నం ఏమీ అనకపోవడం నేను చూడ్డం అదే మొదలు.

"మావయ్యా," అన్నాడొకనాడు, "నా విమానం ఆసిడ్ పెట్టినా చావలేదు, ఉప్పు తగిలినా చావలేదు. వీళ్ళ మంచి మాటలకు చచ్చేట్టుంది."

ఆఖరికి పై అధికారిణి వచ్చారు. ఎర్రమిల్లి విశాలాక్షి గారు, ప్రధాన ఉపరితలాధికారిణి. మనిషి నిలువెత్తు తర్కం. ఆవిడ రాగానే షెడ్డులో ఉన్నవాళ్ళందరికీ చేతులు కట్టారు. విమానం చుట్టూ రెండుసార్లు తిరిగి, ముద్ర దగ్గర ఆగి, శ్రీకంఠం గారిని అడిగారు.

"ఇచట మీరు మొదట వేసిన ముద్ర ఏ భాగము పరిశుభ్రమని చెప్పినది?"

"కుడిరెక్క యావత్తు, మేడమ్."

"కుడిరెక్క యావత్తు మీద ఉన్నదా ముద్ర?"

"లేదు మేడమ్. నడుమ మాత్రమే."

"అట్లయిన నడుమ మాత్రమే ధ్రువీకరించబడినది. ముద్ర లేని చోటు ధ్రువీకరణ లేని చోటు. ధ్రువీకరణ లేని చోటు అపరిశుభ్రము. అనగా మీరు ఇన్నాళ్ళు ఒక అపరిశుభ్ర విమానమును చూచి, దాని నడుమ పరిశుభ్రమని వ్రాసిపోయినారు."

శ్రీకంఠం గారి మొహం రేకు కంటే తెల్లబడింది.

వరహాలుకు ఆశ పుట్టింది. పెద్దావిడ వచ్చింది గదా, తేల్చేస్తుందనుకున్నాడు. "అయితే ఏం చేద్దామంటారమ్మా? ఆషాఢం వచ్చేస్తంది. ఉప్పు పట్టేసిందంటే ఇక దీన్ని బతికించలేను. ఏళ్ళు పెట్టి కట్టానమ్మా."

"భయపడవలదు," అన్నారావిడ, దయగా. "పౌరుని శ్రమ వృథా కానీయను. విమానమును యావత్తుగా ధ్రువీకరింతుము."

అన్నమాట నిలబెట్టుకున్నారు. మర్నాడు వరహాలు చేత, గుడ్డ విప్పించి, చేతికి తొడుగులు తొడిగించి, విమానం మొత్తం మళ్ళీ తోమించారు. పొడి లేచిన తోక కింద కూడా గీకి, ఆసిడ్ పెట్టి, నీళ్ళు పోయించారు. నీళ్ళు ముక్కు నుంచి తోక దాకా ఒక్క చుక్క విడిపోకుండా జారాయి. అంత శుభ్రమైన వస్తువును మా ఊరు పుట్టాక చూడలేదు. అప్పుడు మండలి వారి వ్యాను తలుపు తెరుచుకుంది. అందులోంచి సిబ్బంది బిలబిలమంటూ దిగారు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో రబ్బరు స్టాంపు.

ఆ చప్పుడు మీరు వినాలి. రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు టపటపా టపటపా. రెక్కల మీద, పొట్ట మీద, తోక మీద, ముద్ర అంచు ముద్రకు తగిలేలా కొట్టారు. గుండ్రటి ముద్రల మధ్య మూలలు మిగులుతున్నాయని విశాలాక్షి గారు పసిగట్టి, మూలల మీద మళ్ళీ కొట్టించారు. ఇంకా సందేహముంటే ఇంకో వరస. రివెట్ల తలల మీద చిటికెన వేలంత స్టాంపులు. మధ్యాహ్నానికి సిరా అయిపోతే కాకినాడ నుంచి బకెట్లతో తెప్పించారు. ఒక గుమాస్తా తన మీద తను కొట్టేసుకున్నాడు. అతను ఇప్పటికీ చట్టప్రకారం పరిశుభ్రుడు.

సాయంత్రానికి ఒక్క అక్షరం కనపడలేదు. అక్షరాల మీద అక్షరాలు పడి, సత్తు విమానం వంకాయ రంగు తిరిగింది. తళతళలాడుతూ మంచి నవనవలాడే వంకాయ.

"ఇప్పుడు ఈ విమానము పూర్తిగా పరిశుభ్రము," అన్నారు విశాలాక్షి గారు. "ఇకపై దీని మీద రంగు వేయుట గాని, గీకుట గాని, తుడుచుట గాని నిషిద్ధము." వెళుతూ వెళుతూ వరహాలుతో, "మీరు అదృష్టవంతులు," అన్నారు.

వరహాలు ఐసు ఫ్యాక్టరీ మెట్ల మీద కూలబడ్డాడు. రంగు వేసే దారి మూసుకుపోయింది. గడువులో మిగిలింది రోజులే.

ఆషాఢం గాలి చెప్పినట్టే వచ్చింది. సముద్రం ఒడ్డు ఎక్కి అరిచింది. షెడ్డు తలుపులు కొట్టుకుని, ఉప్పు తుంపర లోపలిదాకా కొట్టింది. మా సైకిళ్ళ గొలుసులు బిగుసుకుపోయాయి, నా కళ్ళజోడు స్క్రూ తుప్పు పట్టింది. గాలి తగ్గాక పాతసామాన్ల వాడు తక్కెడ వేసుకుని వచ్చాడు. వాణ్ణి రమ్మన్నది నూకరత్నమే. ఇచ్చిన మాట మీద నిలబడే మనిషి.

వాడు విమానం చుట్టూ తిరిగి, ముక్కు దగ్గర సిరా పల్చబడ్డ చోట సగం అక్షరాలు కూడబలుక్కుని చదివి, తక్కెడ మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

"గవర్నమెంటు ముద్రున్న సత్తు నేను కరిగిస్తే, గవర్నమెంటు నన్ను కరిగిస్తదమ్మా. నాకొద్దు."

వాడు వెళ్ళాక నూకరత్నం తోక దగ్గరికి వెళ్ళి, కొంగుతో కింద గట్టిగా రుద్దింది. కొంగు వెలుగులోకి పెట్టి చూసుకుంది. మళ్ళీ రుద్దింది.

"ఏవయ్యా. ఇటు రా. పొడి రాలట్లేదు."

వరహాలు పరిగెత్తుకొచ్చాడు. వేలితో గీరాడు, గోరుతో గీరాడు. చెంబుతో నీళ్ళు పోశాడు. నీళ్ళు చేమాకు మీదలాగా బొట్లు బొట్లుగా విడిపోయి, గునగున దొర్లి కింద పడ్డాయి. అంత శుభ్రమైన రేకు మీద అన్ని వరసల సిరా పడితే, అది పెంకులా గడ్డకట్టి కూర్చుంది. ఉప్పు దాని దరికి కూడా రాలేదు.

"మరి రంగు పడినట్టా, పడనట్టా?" అంది నూకరత్నం.

"పడనట్టే. మండలి ప్రకారం విమానం ఒట్టి ఒంటితో ఉంది."

ఆవిడ కాసేపు దాన్ని ఎగాదిగా చూసింది. "నా ప్రకారం చీర కట్టుకుంది. ఉండనీ."

తరవాతి కథ ఇక సంతోషమే. శ్రావణంలో ఒక మబ్బులేని ఉదయం వరహాలు విమానాన్ని షెడ్డులోంచి బయటికి లాగాడు. ముందు సీట్లో వాడు, వెనక సీట్లో నూకరత్నం, జడలో కనకాంబరాలు. ఆరిన ఇసక మీద పరుగెత్తి, మా పాత లైట్‌హౌసు దాటేలోపు లేచింది. సముద్రం మీద వంకాయంత విమానం వంకాయంత నీడ వేసుకుంటూ తిరిగింది. వేటకెళ్ళిన పడవల వాళ్ళు వలలు వదిలేసి చూశారు. పై నుంచి నూకరత్నం మొగుణ్ణి తిట్టే తిట్లు గాలికి కొట్టుకొచ్చి మాకు వినపడ్డాయి. ఆ తిట్లంత ముద్దుగా నేను ఇంకేవీ వినలేదు.

ఇప్పుడు లెంపలేసుకోవాలి. పుట్టుక నుంచీ కొంచెం కలిపి చెప్పే నోరు నాది. ఈ కథలో కూడా ఒకటి కలిపాను. ఏది కలిపానో చెప్పకపోతే అన్నం సయించదు.

పెద్దాయన పాయసం నిజం. ముద్ర తొలగించినట్టు ముద్ర వెయ్యడం నిజం. చేతులు కట్టింది నిజం, నా మణికట్టు మీద ఇంకా మచ్చ ఉంది. విమానం వంకాయ రంగు తిరిగిందీ నిజమే, షెడ్డులో ఉంది, వచ్చి చూసుకోండి. ఎగరడానికి మండలి అనుమతి ఇచ్చిందీ నిజమే. రంగు నిబంధన సడలించి విశాలాక్షి గారే స్వయంగా సంతకం చేశారు. సత్తుకు గాలి తగిలితే పొర కడుతుందన్న శాస్త్రం ఆవిడ మరిచిపోలేదు. అందుకని చిన్న షరతు పెట్టారు, 'ఎగురు సమయమున విమానమునకు గాలి తగులరాదు' అని.

వరహాలు పొద్దున్నే ఇంజను తిప్పి, తలుపులు మూసుకుని, సీట్లో కూర్చుని ఆలోచిస్తాడు. వెనక సీట్లో కూర్చుని నూకరత్నం వలకు పోగులు వేసుకుంటుంది. ఎగిరిందన్నది ఒక్కటే నేను కలిపింది. ఇంతసేపూ మీరు కనుబొమ్మలు ఎగరేస్తూ విన్నవన్నీ జరిగాయి. హాయిగా నమ్మేసిన ఆ ఒక్కటే జరగలేదు.